మూడు వేలలో ఆరు: ఉత్తమ పరిశోధన పత్రాన్ని ఎలా ఎంచుతారు?

అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ వెలువరించే పీఎన్‌ఏఎస్ జర్నల్‌లో ఏటా 3 వేలకు పైగా పరిశోధన పత్రాలు అచ్చవుతాయి. వాటిలో ఆరింటికి కొజరెల్లి బహుమతి ఇస్తారు. అంటే ఇంచుమించు 500కి ఒకటి, 0.2 శాతం. పైగా ఆ 3 వేలూ ఊరికే వచ్చి పడినవి కావు. తోటి శాస్త్రవేత్తల చేత పరీక్ష చేయించి, సందేహాలకు జవాబులు రాబట్టి, వద్దనుకున్నవాటిని తిప్పి పంపాక మిగిలినవి. అలా ఒకసారి వడపోతయిన పత్రాల్లోంచి మళ్లీ ఆరింటిని ఏరడం ఎలా? ఏరేవాళ్లు ఎంతవరకు సరిగ్గా ఏరగలరు? ఈ రెండో ప్రశ్నకు గత పదిహేనేళ్లలో కొన్ని గట్టి అంకెలు దొరికాయి. పురస్కారాల వార్తల్లో అవి మనకు కనిపించవు. ఒక యువ శాస్త్రవేత్తకు ఉద్యోగం రావడం, ల్యాబ్‌కు నిధులు రావడం ఇలాంటి గుర్తింపుల మీద ఆధారపడుతున్నప్పుడు ఆ అంకెలు అందరికీ తెలియాలి.

కొజరెల్లి బహుమతి 2005లో మొదలైంది. అప్పుడు దాని పేరు ‘ఈ ఏటి పత్రం’ బహుమతి. నికోలస్ కొజరెల్లి బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డీఎన్‌ఏ మెలికలను విప్పే ఎంజైముల మీద పనిచేసిన జీవశాస్త్రవేత్త. 1995 నుంచి 2006లో మరణించేదాకా పీఎన్‌ఏఎస్‌కు ఆయనే ప్రధాన సంపాదకుడు. 2007లో బహుమతికి ఆయన పేరు పెట్టారు. ఆరే ఎందుకంటే, అకాడమీలో శాస్త్రాలను ఆరు వర్గాలుగా విభజించారు: భౌతిక, గణిత శాస్త్రాలు, జీవశాస్త్రాలు, ఇంజినీరింగ్, అనువర్తిత శాస్త్రాలు, వైద్య జీవశాస్త్రాలు, ప్రవర్తన, సామాజిక శాస్త్రాలు, చివరగా వ్యవసాయం, పర్యావరణం కలిసిన అనువర్తిత జీవశాస్త్రం. వర్గానికొక పత్రం. కొలబద్దలుగా చెప్పేవి రెండు, శాస్త్రీయ శ్రేష్ఠత, కొత్తదనం. ఎంచేది జర్నల్ సంపాదక మండలి.

వర్గానికొకటి అనడం న్యాయంగానే వినిపిస్తుంది. గణితజ్ఞుడిని క్యాన్సర్ పరిశోధకుడితో పోల్చే ఇబ్బంది తప్పుతుంది కదా. కానీ పీఎన్‌ఏఎస్‌లో మొదటినుంచీ జీవశాస్త్ర పత్రాలదే పెద్ద వాటా. ఉదాహరణకు ఒక వర్గంలో 1,200 పత్రాలు, ఇంకో వర్గంలో 150 పత్రాలు ఉన్నాయనుకుందాం. రెండింటికీ ఒక్కో బహుమతే. మొదటి వర్గంలో రాసినవారికి అవకాశం 1,200లో ఒకటి, రెండో వర్గంలో 150లో ఒకటి. ఎనిమిది రెట్ల తేడా! ఇందులో ఎవరి పక్షపాతమూ లేదు. గీత గీసిన చోటే ఫలితం సగం తేలిపోయింది. అందుకే ఏ బహుమతి గురించి విన్నా నేను మొదట అడిగేది గెలిచినవారి పేరు కాదు, పోటీలో ఎన్ని పత్రాలు ఉన్నాయన్నది.

వెయ్యి డాలర్ల బహుమతి

ఇంతకంటే పాత బహుమతి ఒకటుంది. అమెరికా శాస్త్ర పురోగతి సంఘం 1923లో ‘వెయ్యి డాలర్ల బహుమతి’ని మొదలుపెట్టింది. డబ్బు ఇచ్చినవాడు న్యూయార్క్‌కు చెందిన న్యూకమ్ క్లీవ్‌ల్యాండ్. ఇప్పుడు దాన్ని ఆయన పేరుతోనే ఇస్తున్నారు, మొత్తం 25 వేల డాలర్లకు పెరిగింది. తొలినాళ్లలో సంఘం వార్షిక సభల్లో చదివిన పత్రాలకు ఇచ్చేవారు. తర్వాత ఆ సంఘమే ప్రచురించే ‘సైన్స్’ జర్నల్‌లో అచ్చయిన పరిశోధనలకు మార్చారు. ఎంపిక పద్ధతి మూడు మెట్లు. జర్నల్ పాఠకులు పత్రాలను ప్రతిపాదించవచ్చు. ప్రతిపాదించేవారు ఆ పత్రం ఎందుకు గొప్పదో క్లుప్తంగా రాయాలి. చివరి నిర్ణయం ప్రధాన సంపాదకుడు నియమించిన శాస్త్రవేత్తల సంఘానిది. పత్రం మౌలిక జ్ఞానానికి పెద్ద చేర్పు అయినా అయ్యుండాలి, దూరప్రభావం గల సాంకేతిక విజయమైనా అయ్యుండాలి. ఆ ఫలితాన్ని రచయితలు ప్రకటించడం అదే మొదటిసారి కావాలి.

ఈ నియమాల్లో ‘దూరప్రభావం’ అన్న మాట దగ్గర ఆగాలి. పత్రం అచ్చయి ఏడాది తిరక్కముందే దాని దూరప్రభావం ఎంతో చెప్పమంటున్నారు. ఈ బహుమతి చరిత్రలోనే రెండు ఘట్టాలు ఆ పని ఎంత కష్టమో చూపిస్తాయి.

మొదటిది 1925 జనవరి 1. వాషింగ్టన్‌లో జరుగుతున్న సభలో ఎడ్విన్ హబుల్ పత్రాన్ని హెన్రీ నోరిస్ రసెల్ చదివి వినిపించాడు. హబుల్ స్వయంగా రాలేదు. ఆండ్రోమెడా నీహారికలో వెలుగు హెచ్చుతగ్గులయ్యే సెఫీడ్ నక్షత్రాలను గుర్తించి, వాటి ఆధారంగా అది మన పాలపుంతకు బయట ఉందని ఆ పత్రం తేల్చింది. విశ్వం ఒక్క పాలపుంతతో ముగిసిపోలేదని మనిషికి నమ్మకంగా తెలిసిన రోజు అది. వెయ్యి డాలర్ల బహుమతిని హబుల్‌తో పాటు చెదపురుగుల పేగుల్లో బతికే ఏకకణ జీవుల మీద పనిచేసిన లెమ్యూయెల్ క్లీవ్‌ల్యాండ్‌కు కలిపి ఇచ్చారు. చెరి 500. హబుల్ లెక్కలో ఆండ్రోమెడా దూరం సుమారు 9 లక్షల 30 వేల కాంతి సంవత్సరాలు. ఇవాళ మనకు తెలిసిన దూరం దాదాపు 25 లక్షలు. అంటే బహుమతి పొందిన పత్రంలోని ముఖ్యమైన అంకె రెండున్నర రెట్లకు పైగా తప్పు. నిర్ధారణ మాత్రం నూటికి నూరుపాళ్లు నిలిచింది.

రెండోది 2008 నవంబరు. సౌరకుటుంబం బయటి గ్రహాలను నేరుగా ఫొటో తీశామని చెప్పే రెండు పత్రాలు సైన్స్‌లో ఒకేసారి వెలువడ్డాయి. పాల్ కలాస్ బృందం 25 కాంతి సంవత్సరాల దూరంలోని ఫోమల్‌హాట్ నక్షత్రం పక్కన ఒక చుక్కను హబుల్ టెలిస్కోపు 2004, 2006 చిత్రాల్లో పట్టుకుంది. క్రిస్టియన్ మరువా బృందం హెచ్‌ఆర్ 8799 అనే నక్షత్రం చుట్టూ మూడు గ్రహాలను చూపించింది. 2009లో న్యూకమ్ క్లీవ్‌ల్యాండ్ బహుమతిని ఈ రెండు పత్రాలకూ పంచారు. మరువా బృందం చూపిన గ్రహాలు ఇప్పటికీ ఉన్నాయి, వాటికి నాలుగోది కూడా తోడైంది. ఫోమల్‌హాట్ పక్కన కనిపించిన చుక్క మాత్రం ఏళ్లు గడిచేకొద్దీ మసకబారి 2014 నాటి చిత్రాల్లో లేకుండా పోయింది. గ్రహం మాయం కాదు. అది రెండు మంచు శిలలు ఢీకొన్నప్పుడు లేచి, విస్తరిస్తూ పోయిన ధూళి మేఘమని 2020లో ఆండ్రాష్ గాష్‌పార్, జార్జ్ రీకీ పీఎన్‌ఏఎస్‌లో రాశారు.

ఇందులో కలాస్ బృందం మోసమేమీ చేయలేదు. చిత్రం నిజమే, దానికి చెప్పిన అర్థమే నిలవలేదు. హబుల్ విషయంలో అంకె తప్పి అర్థం నిలిచింది, ఇక్కడ అంకెలు నిలిచి అర్థం తప్పింది. ఏడాదిలో తీర్పు చెప్పవలసిన సంఘం ఈ రెండు రకాల పత్రాలను విడదీయగలదా? ఒకే ఏడాది, ఒకే సంఘం, ఒకే అంశం మీద ఎంచిన రెండు పత్రాల్లో ఒకటి నిలిచింది, ఒకటి పడింది.

ఎవరు చదువుతారు?

3 వేల పత్రాలు. ఒక్కోదాన్ని శ్రద్ధగా చదవడానికి గంట చాలదు. సరే, గంటే అనుకుందాం. రోజుకు 8 గంటల చొప్పున ఆదివారాలు కూడా మానకుండా చదివితే 375 రోజులు పడుతుంది, ఏడాది దాటుతుంది. కాబట్టి ఏ న్యాయనిర్ణేతా మొత్తం చదవడు, చదవలేడు. ఇది ఎవరి తప్పూ కాదు. కానీ దీనివల్ల జరిగేది గమనించండి. ఏదో ఒక దశలో ఎవరో ఒకరు ‘ఇది చూడండి’ అని చెయ్యెత్తాలి. చెయ్యెత్తేవాళ్లు లేని పత్రం ఎంత గొప్పదైనా బల్ల మీదికే రాదు. పోటీ 3 వేల మధ్య జరిగిందని మనం అనుకుంటాం. నిజానికి ప్రతిపాదన అందుకున్న కొద్దింటి మధ్య జరుగుతుంది.

ఆ కొద్దింటికి మార్కులు వేయాలి. ఇక్కడ కూడికలు, సగటులు కూడా తీర్పు చెప్పేస్తాయి. ముగ్గురు న్యాయనిర్ణేతలు ఒక పత్రానికి పదికి 9, 9, 4 వేశారనుకోండి. ఇంకోదానికి 7, 8, 8. మొదటి సగటు 7.33, రెండోది 7.67. రెండోదే గెలుస్తుంది. కానీ మొదటి పత్రాన్ని ఇద్దరు అద్భుతమన్నారు, ఒకరు ససేమిరా అన్నారు. కొత్తదనం నిండిన పత్రాలకు తరచూ జరిగేది ఇదే. పాత ఆలోచనను కదిలించే పత్రం అందరినీ ఒకే రకంగా మెప్పించడం అరుదు. బహుమతి నియమాల్లో ‘కొత్తదనం’ అని రాసుకుని సగటు మార్కులతో విజేతను తేలిస్తే, ఆ సగటే కొత్తదనాన్ని పక్కకు నెట్టేస్తుంది. మార్కులకు బదులు ప్రతి న్యాయనిర్ణేతా తన వరస తాను ఇస్తే, చెయ్యి బిగబట్టి మార్కులు వేసేవారికీ ధారాళంగా వేసేవారికీ మధ్య తేడా అన్నా తొలగుతుంది. ఆ తర్వాత కూర్చుని వాదించుకోవాలి. నా దృష్టిలో 4 వేసిన ఆ ఒక్కరి కారణాలు వినడమే ఎంపికలో అన్నిటికంటే విలువైన గంట.

ఇద్దరు చదివితే ఒకే మాట అంటారా?

ఒకే పత్రం మీద ఇద్దరు నిపుణుల తీర్పు ఎంతవరకు కలుస్తుంది? లుట్జ్ బోర్న్‌మన్, మరో ఇద్దరు పరిశోధకులు 2010లో ఈ ప్రశ్న మీద అంతకు ముందు వచ్చిన 48 అధ్యయనాలను ఒకచోట చేర్చారు. మొత్తం 19,443 పత్రాలు. సమీక్షకుల మార్కుల మధ్య పొంతన సగటున 0.34 అని తేలింది. పూర్తిగా కలిస్తే 1, అసలు సంబంధం లేకపోతే 0. ప్రచురించాలా వద్దా అన్న తీర్పులో, కాకతాళీయంగా కలిసే వాటిని తీసేసి లెక్కిస్తే ఆ పొంతన 0.17కు పడిపోయింది.

0.34 అంటే ఏమిటో ఇంకో లెక్క చెబుతుంది. గణాంక శాస్త్రంలో న్యాయనిర్ణేతల సంఖ్య పెరిగేకొద్దీ వారి ఉమ్మడి తీర్పు ఎంత నమ్మదగినదవుతుందో చెప్పే సూత్రం ఉంది. ఒక్కరి తీర్పు విశ్వసనీయత 0.34 అయితే, ఇద్దరిది కలిపితే 0.51. నలుగురిది 0.67. ఎనిమిది మందిది 0.80. పదహారు మందిది 0.89. ఒక మనిషి భవిష్యత్తును మార్చే నిర్ణయానికి కనీసం 0.80 కావాలంటే, చివరి వరసలోని ప్రతి పత్రాన్నీ ఎనిమిది మంది విడివిడిగా, ఒకరి మార్కులు ఒకరికి తెలియకుండా చదవాలి. ముగ్గురితో ముగించే సంఘాలు ఎన్నో ఉన్నాయి. ముగ్గురితో వచ్చేది 0.61.

ఇంకా సూటిగా కొలిచిన ప్రయోగం 2014లో జరిగింది. కృత్రిమ మేధ పరిశోధకుల అతిపెద్ద వార్షిక సదస్సుల్లో ఒకటైన నిప్స్‌కు ఆ ఏడాది 1,678 పత్రాలు వచ్చాయి. నిర్వాహకులు కొరినా కోర్టెస్, నీల్ లారెన్స్ వాటిలో పదో వంతును రెండు వేర్వేరు సంఘాలకు ఇచ్చారు. ఒక సంఘం ఏమందో ఇంకో సంఘానికి తెలియదు. రెండు సంఘాలూ పూర్తిగా సమీక్షించినవి 166. రెండూ ఒప్పుకున్నవి 22. రెండూ వద్దన్నవి 101. ఒకరు ఔనంటే మరొకరు కాదన్నవి 43.

నలభైమూడే కదా, నాలుగింట ఒకటే కదా అనిపించవచ్చు. అసలు విషయం అక్కడ లేదు. మొదటి సంఘం ఎంచినవి 44. వాటిలో 22 పత్రాలను రెండో సంఘం తిరస్కరించింది. సరిగ్గా సగం! చీటీలు తీసి ఎంచినా రెండు జాబితాల్లో 11 పత్రాల దాకా కలిసేవి. నిపుణుల శ్రమ ఆ పదకొండును 22కు పెంచింది. ఆ పెంపును తక్కువ చేయకూడదు, ఎక్కువా చేయకూడదు. ఏడేళ్ల తర్వాత అదే ఇద్దరు ఆ పత్రాల గతి ఏమైందో వెనక్కి తిరిగి చూశారు. తిరస్కరించిన పత్రాల్లో సమీక్షకుల మార్కులకూ, ఆ తర్వాత వాటికి వచ్చిన ఉదహరింపులకూ ఎంతో కొంత సంబంధం కనిపించింది. అంగీకరించినవాటిలో ఆ సంబంధం లేదు. అంటే నిపుణులు తాలును బాగానే చెరగగలరు. మిగిలిన గట్టి గింజల్లో ఏది మేలైనదో చెప్పమంటేనే చేటలో అది తేలదు.

ఉత్తమ పత్ర బహుమతి అడిగేది సరిగ్గా ఆ రెండో పనే. తాలు అప్పటికే పోయింది. ఆరో పత్రానికీ అరవయ్యో పత్రానికీ మధ్య తేడా చెప్పాలి.

దీనికి పేరున్నవారి నీడ కూడా తోడవుతుంది. 2017లో మరో కంప్యూటర్ శాస్త్ర సదస్సు కోసం ఆండ్రూ టామ్‌కిన్స్ బృందం ఒకే పత్రాలను రెండు రకాలుగా చదివించింది. కొందరు సమీక్షకులకు రచయితల పేర్లు చూపించారు, కొందరికి దాచారు. పేర్లు కనిపించినప్పుడు ప్రసిద్ధ రచయితల పత్రాలను సిఫారసు చేసే మొగ్గు 1.63 రెట్లు, పెద్ద విశ్వవిద్యాలయాల పత్రాలకు 1.58 రెట్లు, పెద్ద కంపెనీల పత్రాలకు 2.10 రెట్లు పెరిగింది. అచ్చుకు ముందయితే పేర్లు దాచవచ్చు. బహుమతి దగ్గరికి వచ్చేసరికి పత్రం అచ్చయిపోయింది, వార్తల్లోకి కూడా ఎక్కింది. పేరు దాచే వీలే లేదు. ఒక మారుమూల విశ్వవిద్యాలయం నుంచి రాసిన పరిశోధకుడికి అందుకే ఈ పోటీ మొదలవ్వకముందే ఎత్తు తక్కువ.

ఉదహరింపులు లెక్కబెడితే పోదా?

మనుషుల తీర్పు ఇంత ఊగిసలాడుతుంటే, ఎన్ని పత్రాలు దీన్ని ఉదహరించాయో లెక్కపెట్టి అత్యధికం వచ్చినదానికి ఇచ్చేస్తే పోదా అని అడగవచ్చు. 2014లో నేచర్ జర్నల్ అప్పటిదాకా అత్యధికంగా ఉదహరించిన వంద పత్రాల జాబితా వేసింది. 5 కోట్ల 80 లక్షల పత్రాలను జల్లెడ పడితే వెయ్యికి పైగా ఉదహరింపులున్నవి 14,499 మాత్రమే. సుమారు సగం పత్రాలకు ఒక్కటో, అసలు లేనే లేవో. మొదటి స్థానంలో 3 లక్షలకు పైగా ఉదహరింపులతో 1951 నాటి ఆలివర్ లౌరీ పత్రం ఉంది. ప్రోటీన్‌ను ఎలా కొలవాలో చెప్పే పద్ధతి అది. వందో స్థానానికి 12 వేలకు పైగా కావలసి వచ్చింది. వాట్సన్, క్రిక్‌ల డీఎన్‌ఏ జంట మెలిక పత్రానికి ఉన్నవి 5,207. అది జాబితాలోనే లేదు.

ఉదహరింపులు పనికొచ్చే సాధనాన్ని పట్టుకుంటాయి. గొప్ప ఆలోచనను పట్టుకోవడం వాటికి అంతగా చేతకాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో రాసిన పత్రం ఇందుకు మనవాళ్ల ఉదాహరణ. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను రంగు ద్వారా కొలిచే పద్ధతి అది. దశాబ్దాల పాటు వేల ప్రయోగశాలలు దాన్ని వాడాయి, వేల పత్రాలు ఉదహరించాయి. అలాంటి పద్ధతి పత్రాలకు ‘కొత్తదనం’ బహుమతులు రావడం అరుదు. అవి లేకపోతే కొత్తదనం ఉన్న పత్రాలు పుట్టేవే కావు.

పైగా ఉదహరింపులకు వ్యవధి కావాలి. బహుమతికి ఏడాదే గడువు. చిన్గ్ కే, మరో ముగ్గురు 2015లో పీఎన్‌ఏఎస్‌లో ‘నిద్రపోయే సుందరి’ పత్రాలను వెతికారు. ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోక హఠాత్తుగా మేలుకునేవి అవి. 2 కోట్ల 20 లక్షల పత్రాలను వడకట్టి తయారుచేసిన వారి జాబితాలో 1935లో ఐన్‌స్టీన్, పొడోల్‌స్కీ, రోజెన్ రాసిన పత్రం ఉంది. ఇవాళ్టి క్వాంటమ్ సమాచార శాస్త్రానికి మూలమైన ఆ పత్రం ఆరు దశాబ్దాలకు దగ్గరగా కునుకు తీసింది.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ కల్యంపూడి రాధాకృష్ణ రావు. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తా వెళ్లిన ఆయన, 1945లో పాతికేళ్ల వయసులో కలకత్తా మ్యాథమేటికల్ సొసైటీ బులెటిన్‌లో ఒక పత్రం రాశారు. ప్రపంచమంతా చదివే జర్నల్ కాదది. క్రామర్–రావు పరిమితి, రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతం, సమాచార జ్యామితి అనే కొత్త రంగానికి విత్తనం, మూడూ ఆ ఒక్క పత్రంలోనే ఉన్నాయి. దానికి అంతర్జాతీయ గణాంక బహుమతి 2023లో ప్రకటించారు. 78 ఏళ్ల తర్వాత, ఆయన 102 ఏళ్ల వయసులో, 80 వేల డాలర్లతో. ఆ ఆగస్టులోనే ఆయన కన్నుమూశారు. 1946లో కూర్చున్న ఏ ఎంపిక సంఘమైనా ఆ పత్రాన్ని ఆ ఏటి మేటిగా గుర్తించి ఉండేదా? గుర్తించేదని నేను అనుకోను. చేతిలో ఉన్న సమాచారం ఇంతే అయినప్పుడు అంచనా ఇంతకు మించి కచ్చితంగా ఉండలేదని క్రామర్–రావు పరిమితే చెబుతుంది. ఏడాది వయసున్న పత్రం గురించి సంఘం చేతిలో ఉండే సమాచారం చాలా కొద్ది.

ఒక బహుమతి పత్రం కథ

ఎంపిక పని చేసిన సందర్భం కూడా చెప్పాలి. 2015 కొజరెల్లి బహుమతుల్లో ప్రవర్తన, సామాజిక శాస్త్రాల వర్గానిది ఆర్థికవేత్తలు ఆన్ కేస్, ఆంగస్ డీటన్‌ల పత్రానికి వచ్చింది. అమెరికాలో 45 నుంచి 54 ఏళ్ల, హిస్పానిక్ కాని శ్వేతజాతీయుల మరణాల రేటు 1999–2013 మధ్య తగ్గడానికి బదులు లక్షకు 34 చొప్పున పెరిగిందని వారు చూపించారు. మాదకద్రవ్యాలు, మద్యం, ఆత్మహత్యలు ముఖ్య కారణాలు. అంతకు ముందరి తగ్గుదలే కొనసాగి ఉంటే ఆ పదిహేనేళ్లలో దాదాపు 5 లక్షల మంది బతికేవారు. ఈ పత్రాన్ని అంతకు ముందు రెండు ప్రఖ్యాత వైద్య జర్నళ్లు తిప్పి పంపాయి, ఒకటైతే పంపిన వెంటనే. పీఎన్‌ఏఎస్ ప్రచురించింది, ఆ తర్వాత దాన్నే ఉత్తమంగా ఎంచింది. అది అమెరికా రాజకీయ చర్చనే మార్చేసింది.

కథ అంతటితో ఆగలేదు. ఆ వయసు గుంపులోనే సగటు వయసు కాలంతో పెరుగుతూ వచ్చిందని, దాన్ని సర్దితే పెరుగుదల చాలావరకు 2005కు ముందే జరిగిందని గణాంకవేత్త ఆండ్రూ గెల్‌మన్, జొనాథన్ ఆవర్‌బాక్ చూపించారు. ఆ విమర్శను కూడా పీఎన్‌ఏఎస్ అచ్చేసింది. ఇతర సంపన్న దేశాల్లో మరణాలు తగ్గుతుంటే అమెరికాలో ఆ గుంపులో తగ్గలేదన్న మూల విషయం చెక్కుచెదరలేదు. మంచి బహుమతి పత్రానికి నా లెక్కలో కొలత ఇదే. అది ప్రశ్నలకు తట్టుకుంటుంది, సవరణను భరిస్తుంది. బహుమతి ఇచ్చిన జర్నలే ఆ ప్రశ్నలకు చోటు ఇస్తుంది.

ఏడో పత్రం సంగతి

ఎంపికలో కొంత జూదం ఉంటే ఏమైంది, గెలిచిన ఆరూ మంచివే కదా అనేవారుంటారు. నిజమే, నష్టం వాటితో కాదు. ఏడో పత్రంతో. తీస్ బోల్, మరో ఇద్దరు 2018లో పీఎన్‌ఏఎస్‌లో నెదర్లాండ్స్‌లో యువ శాస్త్రవేత్తలకు ఇచ్చే ఒక గ్రాంటును పరిశీలించారు. గీతకు కాస్త పైన ఉండి గ్రాంటు పొందినవారినీ, కాస్త కింద ఉండి పోగొట్టుకున్నవారినీ పోల్చారు. మార్కుల్లో తేడా నామమాత్రం. తర్వాతి ఎనిమిదేళ్లలో పైనున్నవారు పొందిన పరిశోధన నిధులు కిందివారి కంటే రెట్టింపు పైమాటే. ఉన్నవాడికే ఇంకా వచ్చిపడే ఈ ధోరణికి సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ 1968లోనే మాథ్యూ ప్రభావమని పేరు పెట్టాడు. రెండు సంఘాలు కూర్చుంటే సగం జాబితా మారిపోయే చోట, ఆరో స్థానానికీ ఏడో స్థానానికీ మధ్య గీత మీద ఒకరి జీవితకాలపు నిధులు తేలకూడదు.

బహుమతులు వద్దని నేను అనడం లేదు. చివరి వరసకు వచ్చిన పత్రాల పేర్లన్నీ ప్రకటించడం ఖర్చులేని పని. ఏడోది, పన్నెండోది కూడా నలుగురికీ తెలుస్తాయి. రెండో పని, పదేళ్ల తర్వాత మళ్లీ చూడడం. నిప్స్ సదస్సు ఇప్పుడు నూరిప్స్ పేరుతో ఏటా పదేళ్ల కిందటి పత్రాలకు ‘కాల పరీక్ష’ బహుమతి ఇస్తోంది. 2023లో అది పదాలను అంకెల వరసలుగా మార్చే వర్డ్‌2వెక్ పత్రానికి దక్కింది. ఆ పని మీద అదే బృందం రాసిన తొలి పత్రాన్ని 2013లో మరో సదస్సు తిరస్కరించింది. పదేళ్ల తర్వాత చూసే కన్నుకు ఏడాదిలో చూసే కన్ను కంటే ఎంతో ఎక్కువ సమాచారం ఉంటుంది.

మన దేశంలోనూ విశ్వవిద్యాలయాలు, శాస్త్ర సంఘాలు, జర్నళ్లు ఉత్తమ పత్ర బహుమతులు ఇస్తున్నాయి. హైదరాబాద్, విశాఖపట్నం, తిరుపతి సంస్థల్లో సంపాదక మండళ్లలో, ఎంపిక సంఘాల్లో కూర్చునే తెలుగు శాస్త్రవేత్తలకు ఒక విన్నపం. ఈసారి విజేత పేరుతో పాటు నాలుగు వివరాలు ప్రకటించండి: పోటీకి అర్హమైన పత్రాలెన్ని, వాటిలో బల్ల మీదికి వచ్చినవెన్ని, ఒక్కోదాన్ని విడివిడిగా చదివినవారెందరు, తమ సహరచయిత, శిష్యుడు లేదా సహోద్యోగి పత్రం వచ్చినప్పుడు పక్కకు తప్పుకున్నవారెందరు.